హ్యాండ్ బ్రేక్ లివర్ పోయింది, స్విచ్చి వచ్చింది: కొత్త కారును వాలులో నిలపడం ఎలా?

గత దసరా సెలవుల్లో కె.ఆర్.పురంలో ఉంటున్న మా అక్క ఇంటికి వెళ్ళాను. మేనల్లుడు ఆ నెలలోనే కొత్త కారు కొన్నాడు. నాకు కారు నడపడం కొత్త కాదు. ఇరవై ఏళ్ళుగా నడుపుతున్నాను. అయితే నా దగ్గర ఉన్నది పాత కారు. సీట్ల మధ్యన పొడవాటి లివర్ ఉంటుంది. దాన్ని పైకి లాగితే టకటకమని పళ్ళు పట్టుకున్న చప్పుడు వస్తుంది. అదే హ్యాండ్ బ్రేక్. మేనల్లుడి కారులో ఆ లివర్ లేదు. ఆ స్థానంలో బొటనవేలంత స్విచ్చి ఒకటి ఉంది. దాని మీద వలయంలో పి అనే ఆంగ్ల అక్షరం ఉంది.

"ఈ రోజు మీరే నడపండి మామా" అని తాళం నా చేతిలో పెట్టాడు. అక్కను, ఆమె మనవరాలిని వెనుక సీట్లో కూర్చోబెట్టుకుని కూరగాయలకు వెళ్ళి వచ్చాం. ఇంటి ముందు కారు ఆపాను. ఆ సందు కొంచెం వాలు. నడిచేవారికి తెలియనంత వాలు. గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి, ఆ చిన్న స్విచ్చిని గట్టిగా నొక్కి, ఇంజను ఆపి దిగాను. ఇంట్లో దీపం వెలగాలన్నా, ఫ్యాను తిరగాలన్నా స్విచ్చి నొక్కడమే కదా! బ్రేకు కూడా నొక్కితేనే పడుతుందని నా చెయ్యి తనంతట తానే నిర్ణయించుకుంది.

కారు నిలబడే ఉంది. అక్క దిగి, పాపను వెంటబెట్టుకుని కారు వెనక్కి వెళ్ళింది. డిక్కీలోని సంచులు తీసుకుని ఇద్దరూ గేటు దాటారు. నేను డిక్కీ తలుపు వేశాను. ఆ మాత్రం కదలికకే కారు మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. నేను పక్కకు తప్పుకున్నాను గాని, దాన్ని ఆపడం ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు. ఎదురింటాయన "గాడి హోగ్తాయిదె మేష్ట్రే!" అని కేక వేశాడు. బండి పోతోందయ్యా అని ఆయన కన్నడంలో చెబుతుండగానే, ఇల్లు కడుతున్నవారు వీధిలో పోసిన ఇసుక కుప్పలోకి వెనుక చక్రాలు దిగబడి కారు ఆగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. అర నిమిషం ముందు పాప నిలబడి ఉన్న చోటి మీదుగానే కారు వెళ్ళింది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

తప్పు కారుది కాదు, నాదే. మేనల్లుడు కారుతో వచ్చిన పుస్తకం తెచ్చి చూపించాడు. స్విచ్చిని పైకి ఎత్తితే బ్రేకు పడుతుంది. కిందికి నొక్కితే వదులుతుంది. నేను వేశాననుకున్నది నిజానికి విడుదల చేసే పని. మన పల్లెల నుంచి బెంగళూరు వెళ్ళిన పిల్లలు ఇప్పుడు ఇటువంటి కార్లలోనే పండుగలకు ఊరికి వస్తున్నారు. వాటిని పక్కకు తీయమని తాళం ఇచ్చేది మామలకు, బాబాయిలకు, ఇంటి దగ్గరున్న తమ్ముళ్ళకు. అందుకే ఈ వ్యాసం.

ఆ స్విచ్చి వెనుక ఏముంది?

తెలిసిన దాని నుంచి తెలియని దానికి తీసుకువెళ్ళాలని ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పారు. కనుక ఎద్దుల బండి నుంచి మొదలుపెడతాను. మెట్ట మీద బండి ఆపినప్పుడు రైతు మొదట చేసే పని చక్రం కింద రాయి పెట్టడం. ఎద్దుల్ని విప్పడం ఆ తర్వాతి మాట. కారులోని హ్యాండ్ బ్రేక్ ఆ రాయికి బదులు వచ్చినదే. నడుస్తున్న బండిని ఆపడానికి కాలి బ్రేకు ఉంది. ఆగిన బండిని అక్కడే పట్టి ఉంచడానికి ఇది ఉంది. రెండింటి ఉద్యోగాలూ వేరు.

పాత పద్ధతిలో లివర్ లాగితే దానికి కట్టిన ఇనుప తీగ బిగిసి, వెనుక చక్రాలలోని బ్రేకును పట్టిస్తుంది. ఎంత బలంగా లాగితే అంత గట్టిగా పడుతుంది. తీగ సాగిపోతే పట్టు సడలుతుంది. లివర్ ఎంత పైకి వచ్చిందో చేతికి తెలుస్తుంది కాబట్టి, తీగ సాగిన సంగతి కూడా చేతికే తెలుస్తుంది.

కొత్త పద్ధతిలో ఆ తీగ లేదు. ఎక్కువ కార్లలో వెనుక చక్రాల డిస్కులను పట్టే కాలిపర్ల మీదనే రెండు చిన్న మోటార్లు బిగించి ఉంటాయి. స్విచ్చి ఎత్తగానే బ్యాటరీ కరెంటుతో మోటారు తిరిగి, పళ్ళ చక్రాల ద్వారా ఒక మరను తిప్పుతుంది. ఆ మర ముందుకు వచ్చి, బ్రేకు ప్యాడ్లను డిస్కుకు అదిమి పెడుతుంది. ఆ సమయంలో కారు వెనుక నుంచి ఒకటి రెండు సెకన్లపాటు జుయ్యిమని సన్నని చప్పుడు వినిపిస్తుంది. తగినంత బిగువు రాగానే కంప్యూటరు మోటారును ఆపేస్తుంది. మోటారుతో తీగను లాగించే మరొక రకం కూడా ఉంది గాని, వాడే మనిషికి తేడా తెలియదు.

ఇక్కడ అందరికీ వచ్చే సందేహం ఒకటుంది. కరెంటుతో పడే బ్రేకు కదా, రాత్రి బ్యాటరీ అయిపోతే ఊడిపోతుందా? ఊడదు. టైరు మార్చేటప్పుడు వాడే మర జాకీని గుర్తు తెచ్చుకోండి. కడ్డీ తిప్పితే కారు పైకి లేస్తుంది. తిప్పడం ఆపి చెయ్యి వదిలేసినా, కారు బరువుకు జాకీ తనంతట తాను వెనక్కి తిరగదు. ఈ మర కూడా అటువంటిదే. బిగించడానికి కరెంటు కావాలి, విప్పడానికి కరెంటు కావాలి, పట్టి ఉంచడానికి అక్కర్లేదు. దీనివల్ల వచ్చే చిక్కు వేరొకటి ఉంది. దాన్ని తర్వాత చెబుతాను.

ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. 2001లో వచ్చిన బి.ఎం.డబ్ల్యూ. 7 సిరీస్ వంటి ఖరీదైన కార్లలో ఇది మొదట కనిపించింది. మన దేశంలో 2017లో వచ్చిన జీప్ కంపాస్‌లోను, 2020 నాటి హ్యుందాయ్ క్రెటా పై రకాలలోను ఉండేది. 2024లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌.యు.వి. 3ఎక్స్‌ఓ, టాటా పంచ్ ఈవీ వంటి చిన్న కార్ల పై రకాలకు కూడా దిగివచ్చింది. ఒకే పేరుగల కారులో ఒక రకానికి లివర్, మరొక రకానికి స్విచ్చి ఉండవచ్చు. కనుక "అదే కారు మా ఊళ్ళో నడిపాను" అన్న ధీమా పనికిరాదు.

చెయ్యి చెప్పిన మాట ఇప్పుడు కన్ను చెప్పాలి

నా మట్టుకు నాకు అర్థమైన అసలు సంగతి ఇది. లివర్ ఉన్నప్పుడు బ్రేకు పడిందా లేదా అని మనం ఎన్నడూ ఆలోచించలేదు. లివర్ పైకి లేచి ఉండేది. కిటికీలోంచి చూసినా కనిపించేది. చప్పుడు చెవికి తెలిసేది, బిగువు చేతికి తెలిసేది. స్విచ్చికి ఇవేవీ లేవు. ఎత్తినా, నొక్కినా, వేలు తీయగానే అది మళ్ళీ తన మామూలు స్థానానికే వచ్చి కూర్చుంటుంది. బ్రేకు పడి ఉన్నప్పుడూ, పడనప్పుడూ దాని రూపం ఒకటే. మోటారు చప్పుడు వీధి రొదలో వినిపించకపోవచ్చు. మిగిలిన సాక్షి ఒక్కటే. స్టీరింగు వెనుక మీటర్ల మధ్య వెలిగే ఎర్ర దీపం.

ఆ దీపం చాలా కార్లలో వలయంలో పి అక్షరంగా గాని, ఆశ్చర్యార్థకం గుర్తుగా గాని ఉంటుంది. కొన్నింటిలో ఆంగ్లంలో బ్రేక్ అన్న మాటే ఉంటుంది. అది ఎర్రగా, నిలకడగా వెలిగితే బ్రేకు పడినట్లు. వెలగకపోతే పడనట్లు. ఎర్రగా ఆరుతూ వెలుగుతూ ఉంటే పూర్తిగా పడలేదని అర్థం. పసుపు రంగు దీపం ఆ ఏర్పాటులో ఏదో లోపం ఉందని చెబుతుంది. అటువంటప్పుడు స్విచ్చిని నమ్మి వాలులో కారు వదలకూడదు. ఇంజను ఆపిన కొద్దిసేపటికి దీపాలన్నీ ఆరిపోతాయి కాబట్టి, చూడవలసింది ఇంజను ఆపే ముందే. ఆ రోజు నేను ఆ దీపం వైపు చూడనే లేదు.

నిలిపే వరుస ఇలా ఉండాలి. కాలి బ్రేకుతో కారును పూర్తిగా ఆపి, కాలు అలాగే ఉంచాలి. గేరు న్యూట్రల్‌లోకి తేవాలి. స్విచ్చిని వేలితో పైకి ఎత్తాలి. ఎర్ర దీపం చూడాలి. ఆ తర్వాత కాలి బ్రేకును మెల్లగా వదలాలి. ఇక్కడ తొందర వద్దు. రెండు క్షణాలు కూర్చుని, కారు కదలడం లేదని నిర్ధారించుకోవాలి. కదిలితే కాలు పక్కనే ఉంది, ఏమీ మించిపోదు. అప్పుడు ఇంజను ఆపి గేరు వేయాలి. ముందు భాగం ఎత్తు వైపు ఉంటే మొదటి గేరు, పల్లం వైపు ఉంటే రివర్సు గేరు. ఆ సందులో నేను గేరు వేసి ఉంటే, స్విచ్చి తప్పుగా నొక్కినా కారు అంత దూరం పోయేది కాదు.

క్లచ్ లేని ఆటోమేటిక్ కార్లలో చాలామంది గేరు మీటను పి స్థానంలోకి తోసి దిగిపోతారు. స్విచ్చి జోలికే పోరు. పి స్థానంలో కారును ఆపేది గేరుపెట్టెలోని చిన్న ఇనుప నాలుక ఒక్కటే. వాలులో కారు బరువంతా దాని మీద పడితే మీట బయటికి లాగడం కష్టమవుతుంది. ఎవరైనా వెనుక నుంచి గుద్దితే ఆ నాలుక విరిగే ప్రమాదమూ ఉంది. అందువల్ల ముందు స్విచ్చి, ఆపైన కాలు వదలడం, మళ్ళీ కాలు నొక్కి పి వేయడం. బరువును మోయవలసింది బ్రేకు, నాలుక కాదు. కొన్ని కార్లు పి వేయగానే, లేదా ఇంజను ఆపగానే బ్రేకును తామే వేసుకుంటాయి. మీ కారు ఆ రకమో కాదో పుస్తకం చూసి తెలుసుకోవడం మంచిదే గాని, ఆ రకమైనా దీపం చూసే అలవాటు మానకూడదు. రేపు ఇంకొకరి కారు నడపవలసి రావచ్చు.

ఇంత చేసినా నిటారు వాలులో చక్రం కింద రాయి పెట్టడాన్ని నేను నామోషీగా భావించను. రోడ్డు పక్కన గట్టు ఉంటే ముందు చక్రాలను తిప్పి ఉంచడం మరొక జాగ్రత్త. ఎడమ వైపు గట్టు ఉండి కారు పల్లం వైపు చూస్తుంటే స్టీరింగు ఎడమకు, ఎత్తు వైపు చూస్తుంటే కుడికి తిప్పాలి. జారితే చక్రం గట్టుకు తగిలి ఆగుతుంది.

వదలడం కూడా నేర్చుకోవలసిందే. తాళం తిప్పి గాని, బటను నొక్కి గాని కారును మేలుకొలపాలి. కాలి బ్రేకు నొక్కి ఉంచి, అప్పుడు స్విచ్చిని కిందికి నొక్కాలి. కాలు బ్రేకు మీద లేకపోతే చాలా కార్లలో అది వదలదు. చిన్నపిల్లలు ఆడుకుంటూ నొక్కినా కారు జారకూడదని పెట్టిన కట్టుబాటు ఇది. అలాగని తాళం ఉన్న కారులో పిల్లలను ఒంటరిగా వదలమని నేను చెప్పడం లేదు. సీటు బెల్టు పెట్టుకుని, గేరు వేసి, క్లచ్ వదులుతూ యాక్సిలరేటరు తొక్కితే బ్రేకు తానే వదిలిపోయే సౌకర్యం కూడా ఎక్కువ కార్లలో ఉంది. బ్రేకు వదిలిన తర్వాత కూడా ఎర్ర దీపం ఆరకపోతే బ్రేకు ఆయిలు తగ్గి ఉండవచ్చు. ఆ కారును ముందుకు నడపకుండా చూపించుకోవాలి.

మేనల్లుడు ఆ మర్నాడే ఒక కాగితం ముక్క మీద "ఎత్తితే పడుతుంది, నొక్కితే వదులుతుంది" అని తెలుగులోను, దాని కిందనే కన్నడంలోను రాసి స్విచ్చి పక్కన అంటించాడు. కన్నడం ఎందుకురా అంటే, అపార్టుమెంటు కాపలాదారు కూడా అప్పుడప్పుడు కారు పక్కకు తీస్తాడని చెప్పాడు.

టిన్ ఫ్యాక్టరీ దగ్గర పచ్చ దీపం

కోలారు, ముళబాగిలు మీదుగా మన వైపు నుంచి బెంగళూరు పోయేవారికి పాత మద్రాసు రోడ్డులో కె.ఆర్.పురం నగర ద్వారం వంటిది. రైలు పట్టాల మీదుగా 2003లో తెరిచిన తీగల వంతెన, దాని పక్కన రైల్వే స్టేషను, ఔటర్ రింగ్ రోడ్డు వచ్చి కలిసే కూడలి, ఆపైన టిన్ ఫ్యాక్టరీ. 2023 అక్టోబరులో బైయప్పనహళ్ళి నుంచి కె.ఆర్.పురం వరకు మిగిలి ఉన్న మెట్రో ముక్క కూడా పూర్తయి, వైట్‌ఫీల్డ్ దాకా రైలు నడుస్తోంది. అయినా రోడ్డు మీద వాహనాలు తగ్గిన జాడ నాకైతే కనిపించలేదు. ఆదివారం సాయంత్రం ఊరి నుంచి తిరిగి వెళ్ళేవారికి ఆ నాలుగు అడుగులు జరగడం, ఆగడం, మళ్ళీ జరగడం బాగా తెలుసు. వంతెన ఎక్కుడులో ఆగినప్పుడు వెనుక బస్సు బంపరు అద్దంలో ఎంత పెద్దగా కనిపిస్తుందో కూడా తెలుసు.

ఇటువంటి చోట్ల పనికివచ్చేది ఆటో హోల్డ్. పార్కింగ్ స్విచ్చి పక్కనే ఉండే మరొక బటను ఇది. దీన్ని నొక్కి ఉంచితే, కారు ఆగిన ప్రతిసారీ కాలు తీసినా బ్రేకు పట్టే ఉంటుంది. యాక్సిలరేటరు తొక్కగానే వదులుతుంది. గంటసేపు కాలు నొక్కి ఉంచే బాధ తప్పుతుంది. మోకాలి నొప్పి ఉన్నవారికి ఇది వరం. అది పట్టి ఉన్నప్పుడు చాలా కార్లలో ఆకుపచ్చ దీపం వెలుగుతుంది.

అయితే ఆకుపచ్చ వేరు, ఎరుపు వేరు. ఆటో హోల్డ్‌లో మోటారుకు, మరకు పని లేదు. కాలితో తొక్కినప్పుడు వచ్చే బ్రేకు ఆయిలు ఒత్తిడినే కంప్యూటరు నిలిపి ఉంచుతుంది. అది తాత్కాలికం. డ్రైవరు బెల్టు విప్పినా, తలుపు తెరిచినా, ఎక్కువసేపు అలాగే నిలిచినా చాలా కార్లు తామే పార్కింగ్ బ్రేకుకు మారతాయి. కొన్ని మాత్రం గంట మోగించి ఊరుకుంటాయి. మోగిన గంటకు అర్థం తెలియని మనిషికి అది పనికిరాదు. పచ్చ దీపం వెలుగుతుండగా కారు దిగకూడదు. దిగాలంటే ఎర్ర దీపం రావాలి. గుడి ముందు ఆగి "ఒక్క నిమిషం, కొబ్బరికాయ కొట్టి వస్తాను" అనేవారు దీన్ని ప్రత్యేకించి గుర్తుంచుకోవాలి.

వాలులో బయలుదేరేటప్పుడు కారు వెనక్కి పోకుండా రెండు మూడు సెకన్లు పట్టే హిల్ హోల్డ్ మరొకటి ఉంది. దాని ఆయుష్షు అంతే. దాన్ని నమ్మి వంతెన మీద ఫోను తీయడం వెనుక ఉన్న మోటారుసైకిలువాడికి చేసే అపకారం.

ఘాట్ దిగిన తర్వాత

మన వైపు కుటుంబాలకు కారు కొనగానే మొదటి ప్రయాణం తిరుమలకే. బెంగళూరు నుంచి వచ్చేవారు పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగుతారు. కొండ మీదికి 1974లో వేసిన రెండవ ఘాట్ రోడ్డులో ఎక్కి, 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో దిగుతారు. దిగేటప్పుడు తక్కువ గేరులో ఉండి ఇంజను పట్టుతో రాకుండా, మలుపు మలుపుకూ బ్రేకు తొక్కుతూ వస్తే డిస్కులు మండిపోయేంత వేడెక్కుతాయి. వేడికి ఇనుము వ్యాకోచిస్తుందని ఎనిమిదవ తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. అలా వ్యాకోచించిన డిస్కును మోటారు బిగించి ఆగిపోతుంది. అరగంటలో డిస్కు చల్లారి సంకోచిస్తుంది. బిగువు సడలుతుంది. దీన్ని గమనించి మోటారు మళ్ళీ తానే బిగించే ఏర్పాటు చాలా కార్లలో ఉంది. పెట్టి కొంతసేపయ్యాక నిలిపిన కారు నుంచి జుయ్యిమని చప్పుడు వస్తే భయపడనక్కర్లేదు, ఇదే కారణం. అయినా ఘాట్ దిగి వెంటనే వాలులో ఆపితే గేరు, చక్రం కింద రాయి రెండూ తప్పనిసరి అనుకోండి.

వానలో తడిసిన కారును, నీళ్ళతో కడిగిన కారును వెంటనే బ్రేకు వేసి రోజుల తరబడి వదిలితే డిస్కు తుప్పు పట్టి ప్యాడ్లు అతుక్కుంటాయి. కదిలించగానే టక్కుమని శబ్దం వస్తుంది. కడిగిన తర్వాత కాస్త దూరం నడిపి, రెండు మూడు సార్లు కాలి బ్రేకు తొక్కి ఆరబెడితే ఈ బాధ ఉండదు.

ట్రాక్టరుతో లాగవద్దు

ముందు చెబుతానన్న చిక్కు ఇదే. కారు ఇరవై రోజులు ఊళ్ళో కదలకుండా ఉండి, బ్యాటరీ పూర్తిగా దిగిపోయిందనుకోండి. పాత కారు అయితే లివర్ దించి, నలుగురు తోసి స్టార్టు చేసేవారు. కొత్త కారులో మర విప్పడానికి కరెంటు లేదు. వెనుక చక్రాలు బిగిసే ఉంటాయి. తోస్తే కదలదు. అప్పుడు మన ఊళ్ళలో అందరికీ తోచేది ట్రాక్టరు. మా ఊరిలో నేను కళ్ళారా చూశాను. తాడు కట్టి లాగారు. ముందు చక్రాలు తిరిగాయి, వెనుక చక్రాలు తిరగకుండా మట్టిలో నాగటి చాళ్ళలా రెండు గీతలు గీశాయి. రోడ్డు ఎక్కేసరికి టైర్లు ఒక పక్కన అరిగి నార బయటపడింది. తర్వాత ఒక కుర్రవాడు వచ్చి, వేరే కారు బ్యాటరీ నుంచి తీగలు కలిపితే ఐదు నిమిషాలలో బ్రేకు తానే వదిలింది.

చేయవలసింది అదే. మరొక వాహనం బ్యాటరీ నుంచి జంప్ తీగలతో కరెంటు ఇచ్చి, కాలు బ్రేకు మీద ఉంచి, స్విచ్చి నొక్కాలి. తీగలు కలపడం తెలియనివారు ఆ పనికి పూనుకోవద్దు. ప్లస్సు మైనస్సు తారుమారైతే కంప్యూటర్లు కాలిపోతాయి. అప్పటికీ వదలకపోతే కంపెనీ వారి రోడ్డు సహాయానికి ఫోను చేసి, కారు మొత్తాన్ని పైకి ఎక్కించుకుపోయే బండిని పిలవాలి. ముందు చక్రాలు ఎత్తి వెనుక చక్రాల మీద లాగే క్రేను ఈ సందర్భంలో ట్రాక్టరుకు తమ్ముడే. సమతలంగా, భద్రంగా ఉన్న పెరట్లో కారును చాలా రోజులు ఉంచేటట్లయితే, గేరు వేసి, చక్రాలకు రెండు వైపులా రాళ్ళు పెట్టి, పార్కింగ్ బ్రేకు వేయకుండా ఉంచడమూ ఒక పద్ధతి.

బ్రేకు ప్యాడ్లు మార్చేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. పాత కార్లలో మెకానిక్కు ఇనుప పట్టుతో పిస్టనును వెనక్కి నెట్టేవాడు. ఇక్కడ పిస్టను వెనుక మర ఉంది. మోటారును ముందుగా సర్వీసు స్థితిలోకి తెచ్చి మరను వెనక్కి రప్పించకుండా బలవంతంగా నెడితే పళ్ళ చక్రాలు విరుగుతాయి. చాలా కార్లలో దీనికి కంప్యూటరు పరికరం తగిలించాలి. రోడ్డు పక్క మెకానిక్కుల నేర్పును నేను తక్కువ చేయను. నా పాత కారు ఇన్నేళ్ళు నడిచింది వారి చలవతోనే. ఆ పరికరం ఉందా అని ముందుగా అడగండి, అంతే. బెంగళూరు నుంచి పాత కారు కొని తెచ్చుకునేవారు బేరం ముగిసేలోగా వాలులో ఆపి, స్విచ్చి ఎత్తి, కాలు వదిలి చూడాలి. పసుపు దీపం వెలుగుతుంటే, రెండు వైపులా మోటారు చప్పుడు సమానంగా రాకపోతే, ఆ బాగు ఖర్చు ఎంతో తెలుసుకున్న తర్వాతే డబ్బు ఇవ్వాలి.

పక్క సీట్లో కూర్చున్నవారికి

ఇది డ్రైవర్లకు కాదు, వారి పక్కన కూర్చునే ఇల్లాళ్ళకు, పెద్దవారికి. నడుపుతున్న మనిషికి అకస్మాత్తుగా స్పృహ తప్పినా, కాలి బ్రేకు పనిచేయకపోయినా, ఈ స్విచ్చి ప్రాణం కాపాడగలదు. పాత లివర్‌ను వేగంలో ఒక్కసారిగా లాగితే వెనుక చక్రాలు బిగిసి కారు తిరగబడే ప్రమాదం ఉండేది. కొత్త కార్లలో స్విచ్చిని పైకి ఎత్తి అలాగే పట్టుకుంటే, కంప్యూటరు చక్రాలు జారకుండా చూసుకుంటూ కారును నిలుపుతుంది. ఎక్కువ కార్లలో ఇందుకు నాలుగు చక్రాల బ్రేకులనూ వాడుకుంటుంది. వేలు వదిలితే ఆ బ్రేకు కూడా వదులుతుంది. కాబట్టి ఆగేదాకా వదలకూడదు. రెండవ చేత్తో స్టీరింగు నిలకడగా పట్టుకోవాలి. ఇది ఆపదలో వాడేది మాత్రమే. సరదాకు ప్రయత్నించరాదు. కొన్ని కార్లలో ఈ స్విచ్చి సీట్ల మధ్య కాకుండా డ్రైవరు ముందు పలక మీద, పక్కవారికి అందనంత దూరంలో ఉంటుంది. అందుకే బయలుదేరే ముందే ఎక్కడుందో చూసుకోవాలి.

సెలవులు ముగిసి నేను ఊరికి బయలుదేరిన రోజు మేనల్లుడు నన్ను కె.ఆర్.పురం రైల్వే స్టేషను దగ్గర దింపాడు. అక్క ముందు సీట్లో కూర్చుంది. స్విచ్చి ఎక్కడుందో, దాన్ని ఎలా ఎత్తి పట్టుకోవాలో నిలిపిన కారులోనే ఆమెకు రెండుసార్లు చేయించి చూపాను. ఆమెకు చదువు రాదు గాని రంగులు తెలుసు. నేను సంచి అందుకోవడానికి కారు వెనక్కి నడుస్తుంటే, కిటికీలోంచి తల బయట పెట్టి "ఆగు తమ్ముడూ, ఎర్రది వెలిగిందో లేదో వాణ్ణి చూడనీ" అంది.